మిషన్‌కి సరుకు ఎలా అందించాలి: ఎలివేటరా, స్క్రూనా, బెల్టా, వైబ్రోనా?

మిల్లు కట్టేవాళ్లు షెల్లర్ (ధాన్యం పొట్టు తీసే మిషన్) ఏ కంపెనీది తీసుకోవాలి, సార్టెక్స్ (రంగు చూసి నల్ల గింజల్ని ఏరేసే మిషన్) ఎన్ని ఛానళ్లది పెట్టాలి అని నెలల తరబడి వాకబు చేస్తారు, తాడేపల్లిగూడెం నుంచి మండపేట దాకా తిరిగి నడుస్తున్న మిల్లులు చూసొస్తారు. ఆ మిషన్‌కి సరుకు అందించే ఏర్పాటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది ఫ్యాబ్రికేషన్ వాళ్లు చూసుకుంటారులే" అని వదిలేస్తారు. నూక ఎక్కువ వస్తోందనో, రబ్బరు రోళ్లు తొందరగా అరిగిపోతున్నాయనో, మేత మిల్లులో డై (మేత గుళికలు బయటికొచ్చే చిల్లుల అచ్చు) జామ్ అవుతోందనో అంటుంటారు కదా, వాటిలో చాలావాటికి మూలం మిషన్‌లో ఉండదు, దానికి ముందున్న తొట్టిలోనో స్క్రూలోనో ఉంటుంది. అందుకే మన డెల్టాలో రోజూ కదిలే సరుకుల్ని, అంటే ధాన్యం, బియ్యం, తవుడు, ఊక, రొయ్యల మేత పొడి, కొబ్బరి డొక్కల్ని దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక రాస్తున్నాను.

ముందు ఒక విషయం తేల్చుకోండి. సరుకును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయడం ఒక పని, మిషన్ నోటికి నిమిషానికి ఇంత అని కొలిచి అందించడం వేరే పని. ఎలివేటర్, బెల్టు, చైన్ కన్వేయర్ మోసేవి. వైబ్రో ఫీడర్ (ఊగుతూ సరుకు జార్చే ట్రే), ఫీడ్ రోలర్, పొట్టి స్క్రూ ఫీడర్, స్టార్ వాల్వు (తిరిగే రెక్కల మధ్య నుంచి సరుకు దించేది) కొలిచేవి. ఒకదానితోనే రెండు పనులూ చేయిద్దామని చూస్తే రెండూ చెడతాయి. ఎలివేటర్ కింద గేటు సగం మూసి షెల్లర్‌కి పడే ధాన్యాన్ని సర్దుదామనుకునే మిల్లులు ఇప్పటికీ ఉన్నాయి, అక్కడ సరుకు గంటకో రకంగా పడుతుంది, ఆపరేటర్ రోజంతా గేటు దగ్గరే నిలబడాలి. మోసేదాన్ని మిషన్ అవసరం కంటే కాస్త ఎక్కువ సామర్థ్యంతో తీసుకోండి, మిషన్ పైన చిన్న తొట్టి పెట్టండి, ఆ తొట్టి కింద కొలిచేది పెట్టండి, తొట్టి నిండగానే వెనక సరుకు ఆగేలా ఒక లెవెల్ స్విచ్ పెట్టండి. ఇంత చేస్తే సగం గొడవ తీరిపోతుంది.

ఇక సరుకు సంగతి. కొటేషన్‌లో గంటకు 10 టన్నులు అని ఉంటుంది. దేనికి 10 టన్నులు అని అడగండి. ఎండిన ధాన్యం ఘనపు మీటరుకు 550 నుంచి 600 కిలోలు తూగుతుంది, ఊక 100 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ధాన్యాన్ని గంటకు 10 టన్నులు మోసే స్క్రూ ఊకని 2 టన్నులు కూడా మోయదన్నమాట. తేమ సంగతి ఇంకా ముఖ్యం. సార్వా కోతలు, బంగాళాఖాతంలో తుపాన్లు రెండూ నవంబరు, డిసెంబరుల్లోనే వస్తాయి. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ అని పరిమితి ఉన్నా, వాన పడిన వారంలో మిల్లుకి చేరే ధాన్యం 20 దాటిపోతుంది. ఏప్రిల్‌లో దాళ్వా ధాన్యం గలగలా జారిపోయిన పైపులోనే డిసెంబరు ధాన్యం నిలబడిపోతుంది. ఎండు ధాన్యాన్ని కుప్ప పోస్తే సుమారు 35 డిగ్రీల వాలులో నిలుస్తుంది, తడిస్తే ఇంకా నిటారుగా నిలబడుతుంది. కాబట్టి తొట్టి గోడలు, పైపుల వాలు 45 డిగ్రీలు చాల్లే అనుకోవద్దు, ధాన్యానికి 50 పైన, తవుడుకి 60 పైన పెట్టించండి. ఇంకో సంగతి, చాలామంది గోడ వాలు కొలిచి ఊరుకుంటారు, కానీ రెండు గోడలు కలిసే మూల వాలు గోడ వాలు కంటే ఎప్పుడూ తక్కువే ఉంటుంది, సరుకు పట్టుకునేది అక్కడే. టేపు, మూలమట్టం లాంటివేవీ అక్కర్లేదు, ఫోన్‌లో ఉండే కోణమానిని యాప్ పెట్టి ఆ మూల కొలవండి.

బకెట్ ఎలివేటర్

బెల్టుకి బిగించిన బకెట్లతో సరుకుని నిలువుగా ఎత్తడానికి దీన్ని మించింది లేదు, ధాన్యానికైనా బియ్యానికైనా నా మొదటి ఓటు దీనికే. గంటకు 10 టన్నులు 12 మీటర్ల ఎత్తుకి ఎక్కించడానికి లెక్క ప్రకారం కావలసింది కిలోవాట్‌లో మూడో వంతు మాత్రమే, రాపిడి, గేరుబాక్సు, అడుగున తోడడం అన్నీ కలుపుకున్నా చిన్న మోటారుతో పనైపోతుంది. అదే పనిని నిలువు స్క్రూతో చేస్తే ఎన్నో రెట్లు, గాలితో చేస్తే ఇంకా ఎన్నో రెట్లు కరెంటు తింటుంది.

చూసుకోవలసింది తలపుల్లీ వేగం. బకెట్ పైకెళ్లి తిరిగేటప్పుడు సరుకుని విసరాలి. నెమ్మదిగా తిరిగితే సరుకు వెనక కాలులోకి (ఖాళీ బకెట్లు కిందికి దిగే గొట్టంలోకి) జారి మళ్లీ అడుగుకే పడుతుంది, మరీ జోరుగా తిరిగితే పైమూతకి కొట్టుకుని గింజ విరుగుతుంది. పుల్లీ మధ్య నుంచి బకెట్‌లో సరుకు దాకా 30 సెంటీమీటర్లు ఉందనుకోండి, నిమిషానికి 55 చుట్ల దగ్గర విసురూ బరువూ సమానమవుతాయి, వేగం ఆ దరిదాపుల్లోనే ఉండాలి. గంటకు టన్ను ఎక్కువ రావాలని పుల్లీ మార్చి వేగం పెంచేసిన చోట ముందుగా పెరిగేది నూకే. వెనక కాలు తలుపు తీసి చూస్తే గింజలు వానలా రాలుతూ కనిపిస్తే వేగమో, పైన విడిచే రేకు దూరమో సరిగా లేదని అర్థం.

కరెంటు పోయినప్పుడు నిండు బకెట్ల బరువుకి బెల్టు వెనక్కి తిరిగి, సరుకంతా అడుగున కూరుకుపోతుంది. కరెంటొచ్చాక మోటారు లేవదు, ఇద్దరు మనుషులు కూర్చుని చేత్తో తోడాలి. బ్యాక్‌స్టాప్ అని వెనక్కి తిరగనివ్వని చిన్న పరికరం ఉంటుంది, దాని ఖర్చు మొత్తం ఎలివేటర్ ఖర్చులో లెక్కలోకి రాదు. కొటేషన్‌లో అది లేకపోతే రాయించుకోండి. బెల్టు పక్కకి జరిగితే చెప్పే స్విచ్, వేగం తగ్గితే చెప్పే స్విచ్ కూడా పెట్టించాలి, ఎందుకంటే జారే బెల్టు, వేడెక్కిన బేరింగు, మూసి ఉన్న కాలులో ధూళి, ఇవి మూడూ కలిసిన చోట నిప్పు పుట్టడానికి ఇంకేమీ అక్కర్లేదు.

మన దగ్గర ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. ఎలివేటర్ అడుగు కోసం గొయ్యి తవ్వుతారు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఆరేడు అడుగులు తవ్వితే నీళ్లే, కాలువలకి నీళ్లొదిలాక గొయ్యిలో ఊట మొదలవుతుంది. అడుగున మిగిలిన ధాన్యం నాని, మొలకెత్తి, ముక్కి, ఆ వాసన పైకెళ్లే ప్రతి గింజకీ అంటుతుంది, బెల్టూ పాడవుతుంది. అలాంటి నేలలో గొయ్యి లోతు తగ్గించి, ట్రాక్టర్ దించే తొట్టిని ర్యాంపు మీదికి ఎత్తడం మంచిది. మట్టి తోలడానికి డబ్బు పోతుంది నిజమే, కానీ ఏడాది పొడవునా పంపు పెట్టి నీళ్లు తోడే బాధ తప్పుతుంది.

ఉప్పుడు బియ్యం మిల్లయితే, అంటే బొండాలు రకం ధాన్యం ఆడించి కేరళకి పంపేవాళ్లయితే, నానిన వేడి ధాన్యాన్ని డ్రయ్యర్‌కి ఎక్కించే ఎలివేటర్‌ని వేరుగా చూడాలి. బకెట్ అడుగున చిన్న రంధ్రాలు ఉంటే నీరు కారిపోతుంది, గింజ అంటుకోకుండా విడుస్తుంది. మామూలు ఇనప రేకు అక్కడ రెండు సీజన్లు కూడా ఆగదు, స్టెయిన్‌లెస్‌కి వెళ్లండి.

స్క్రూ కన్వేయర్

మరలా తిరిగే రెక్కతో సరుకుని ముందుకు తోస్తుంది. చవక, చోటు తక్కువ, మూసి ఉంటుంది, ఎక్కడ కావాలంటే అక్కడ బొక్క పెట్టి సరుకు దించుకోవచ్చు. అందుకే ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తుంది, అవసరం లేనిచోట కూడా. తవుడుకి, మేత పొడికి, నూకకి బాగుంటుంది. బియ్యానికి మాత్రం నేను వద్దంటాను. రెక్క అంచుకీ తొట్టె రేకుకీ మధ్య సందులో గింజ ఇరుక్కుని నలుగుతుంది. ఎండకి లోపల పగుళ్లిచ్చిన దాళ్వా గింజ అయితే చెప్పనే అక్కర్లేదు. తప్పనిసరై పెట్టాల్సి వస్తే పెద్ద వ్యాసం తీసుకుని నెమ్మదిగా తిప్పండి. చిన్నదాన్ని జోరుగా తిప్పి అంతే సరుకు లాగితే నూక ఎక్కువ, అరుగుదల ఎక్కువ.

వాలుగా పెట్టినకొద్దీ మోసేది తగ్గిపోతుంది, 45 డిగ్రీలకి వచ్చేసరికి అడ్డంగా ఉన్నప్పుడు లాగేదాంట్లో సగం కూడా రాదు. ఈ సంగతి చెప్పకుండా అడ్డం స్క్రూ లెక్క చూపించి వాలు స్క్రూ అమ్మేవాళ్లుంటారు, జాగ్రత్త.

స్క్రూకి అసలు శత్రువు పురికొస. గోనె సంచి మూతి కోసినప్పుడు రాలిన పురికొస, దాంతోపాటు గడ్డీ, ప్లాస్టిక్ దారం, అన్నీ మెల్లగా షాఫ్టుకి చుట్టుకుంటాయి, సరిగ్గా మధ్య బేరింగు దగ్గర ముద్దకడతాయి, సరుకు దాని వెనక బిగుసుకుని మోటారు ట్రిప్ అవుతుంది. తొట్టి మీద జల్లెడ ఊచలు వేస్తే పురికొస ఆగుతుంది, మనిషి కాలో చెయ్యో లోపలికి పోకుండా కూడా అదే కాపాడుతుంది. ఆ ఊచలు తీసేసి పనిచేస్తున్న స్క్రూ దగ్గరికి మనిషిని పంపొద్దు. జామ్ తీయడానికి చెయ్యి పెట్టాల్సి వస్తే మెయిన్ ఆపి, తాళం వేసి, ఆ తాళం చెయ్యి పెట్టే మనిషి జేబులోనే ఉండాలి. స్విచ్ ఆపాను కదా అంటే కుదరదు, అవతల ఇంకొకరు వేసేస్తారు.

తొట్టి కింద పెట్టే స్క్రూ ఫీడర్ వేరే జాతి. అది ఎప్పుడూ నిండుగానే తిరుగుతుంది. రెక్కల మధ్య దూరం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే సరుకు తొట్టి వెనక మూల నుంచే దిగుతుంది, ముందు భాగం కదలకుండా నిలబడిపోయి గడ్డకడుతుంది. నూనె ఉన్న తవుడు అలా నిలబడితే ముక్కిపోయి, నూనె మిల్లు వాళ్లు ధర కోసేస్తారు. వెనక దగ్గరగా, ముందుకు వచ్చేకొద్దీ దూరంగా రెక్కలు ఉండేలా చేయించండి, తొట్టి అంతటి నుంచీ సమానంగా దిగుతుంది. లేతు పని తెలిసిన ఏ ఫ్యాబ్రికేటరైనా చేస్తాడు, అడగాలంతే.

బెల్టు, చైను, గాలి

బెల్టు గింజని నొప్పించదు, కరెంటు తక్కువ తింటుంది, దూరానికి మంచిది. 15 డిగ్రీల వాలు దాటితే సాదా బెల్టు మీద ధాన్యం వెనక్కి జారడం మొదలవుతుంది, ఆ పైన అడ్డపట్టీల బెల్టు కావాలి. ధూళి లేస్తుంది, చోటు తింటుంది. గోడౌన్ నుంచి మిల్లుదాకా అడ్డంగా 20, 30 మీటర్లు ధాన్యం రావాలంటే, పక్కన ఇళ్లున్నాయంటే, మూసి ఉండే చైన్ కన్వేయర్ బెల్టు కంటే మేలు, రెడ్లర్ అని కూడా అంటారు దీన్ని. పెట్టె అడుగున చైను సరుకుని గుంపుగా లాక్కుపోతుంది. ధర ఎక్కువ. బురద ధాన్యం పడితే చైను కింద పేరుకుంటుంది, అదొక్కటే దాని బాధ.

గాలితో పంపడం ఊకకి బాగుంటుంది, ఇంక దేనికీ వద్దు. పైపులో సెకనుకు 20 మీటర్ల వేగంతో పోయే బియ్యపు గింజ వంపు దగ్గర ఇనుముకి కొట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఊకలో ఇసకకి బంధువైన సిలికా నిండా ఉంటుంది కాబట్టి ఆ వంపులే మొదట తూట్లు పడతాయి. వంపు వెనక వైపు విడిగా బోల్టులతో మార్చుకునే మందపాటి రేకు పెట్టించండి. సైక్లోన్ (గాలి నుంచి ఊకని విడదీసే గరాటు) కింద స్టార్ వాల్వు రెక్కలు అరిగితే గాలి పైకి తన్ని ఊక దిగడం ఆగిపోతుంది, జనం బ్లోయర్‌ని అనుమానిస్తారు.

షెల్లర్, సార్టెక్స్ ముందు

ఇక్కడ వైబ్రో ఫీడరే. రబ్బరు రోళ్ల షెల్లర్‌కి ధాన్యం రోలు వెడల్పంతా పలచటి పొరలా పడాలి. మధ్యలోనే ధారగా పడితే మధ్య రబ్బరు గాడిలా అరిగిపోతుంది, అంచులు అలాగే ఉంటాయి, మొత్తం రోలు పారేయాలి. రోలు తీసినప్పుడు ఒకసారి స్కేలు అడ్డంగా ఆనించి చూడండి, మధ్యలో వెలుగు కనిపించిందంటే మీ ఫీడింగ్ బాలేదు, రబ్బరు కంపెనీని తిట్టి లాభం లేదు. సార్టెక్స్‌లో కూడా అంతే, చ్యూట్‌లో గింజలు ఒకదాని మీద ఒకటి పడితే నల్ల గింజతోపాటు దాని పక్కనున్న మంచి బియ్యాన్నీ గాలి ఊదేస్తుంది.

విద్యుదయస్కాంతంతో నడిచే వైబ్రో ఊపు వోల్టేజీని బట్టి మారుతుంది. సాయంత్రం లో వోల్టేజీ వచ్చే ఊళ్లలో పొద్దున సెట్ చేసిన ఫ్లో సాయంత్రానికి పడిపోతుంది. వోల్టేజీ తేడాని తనే సరిచేసుకునే కంట్రోలర్ ఉన్నదే తీసుకోండి, లేదా ఆ ప్యానెల్‌కి విడిగా స్టెబిలైజర్ పెట్టండి. తవుడుకి, నూనె కలిపిన పొడికి మాత్రం వైబ్రో పనికిరాదు, ఊపుకి పొడి ఇంకా గట్టిపడి ట్రేకి అంటుకుపోతుంది.

ఒక లెక్క దగ్గరగా చూద్దాం. బియ్యంలో ఫోర్టిఫైడ్ గింజలు, అంటే ఐరన్, విటమిన్లు చేర్చిన గింజలు, కలిపే మిల్లులో నిష్పత్తి 100 కిలోలకి ఒక కిలో. మీ లైన్ గంటకు 5 టన్నులైతే గంటకు 50 కిలోల గింజలు పడాలి, అంటే నిమిషానికి 833 గ్రాములు, సెకనుకు 14 గ్రాములు, గుప్పెడు కూడా కాదు. అంత చిన్న ధారని గేటు తెరిచి సర్దడం ఎవరివల్లా కాదు. ఘనపరిమాణం కొలిచే చిన్న స్క్రూ చవక, తూకం వేస్తూ తనే వేగం సర్దుకునే ఫీడర్ ఖరీదు. బియ్యం ధార నిలకడగా ఉన్నచోట చిన్న స్క్రూ చాలు, గంటకోసారి నిమిషంపాటు బేసిన్ పట్టి కాటా మీద పెట్టి చూసుకోవాలి. బియ్యం ధారే ఎగుడుదిగుడుగా ఉంటే తూకం ఫీడర్‌కే డబ్బు పెట్టండి, ఏది కొన్నా బియ్యం ఆగగానే గింజల ఫీడరూ ఆగేలా ఇంటర్‌లాక్ ఉండి తీరాలి.

మేత మిల్లు, పీచు యూనిట్

రొయ్యల మేతకి సోయా, చేప పొడి, గోధుమ పిండి చాలా మెత్తగా దంచుతారు. అంత మెత్తటి పొడికి రెండు దుర్గుణాలున్నాయి. కాసేపు నిలబడితే తొట్టి నోటి దగ్గర కమానులా కట్టేసుకుని కిందకి దిగదు. కొట్టి కదిపితే గాలి కలిసి నీళ్లలా ఒక్కసారిగా స్క్రూలోంచి తోసుకొచ్చేస్తుంది. పెల్లెట్ మిల్లు (మేతని గుళికలుగా చేసే మిషన్) మెయిన్ మోటారు ఆంపియర్లు ఒక్కసారిగా ఎగిరి పడిపోతుంటే కారణం చాలాసార్లు ఇదే. తొట్టి నోరు వెడల్పుగా, లోపల తిరిగే చేతులతో ఉండాలి, కింద రెక్కలు దగ్గరగా ఉన్న స్క్రూ, దానికి వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం), ఆ వీఎఫ్‌డీ మెయిన్ మోటారు ఆంపియర్లని చూసి వేగం సర్దుకునేలా ఉండాలి. లోడు పెరిగితే మొదట ఆగాల్సింది ఫీడర్. డైకి ముందు అయస్కాంతం లేకపోతే ఒక్క బోల్టు చాలు, డై పోతుంది.

కోనసీమ పీచు యూనిట్ల కథ పూర్తిగా వేరు. అంబాజీపేట, అమలాపురం చుట్టుపక్కల కొబ్బరి డొక్కలు, పీచు, పొట్టు, మూడూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. పీచు దగ్గర తిరిగే షాఫ్టు ఏదున్నా చుట్టుకుపోతుంది కాబట్టి మామూలు స్క్రూ మాటే ఎత్తొద్దు. డొక్కల్ని డీకార్టికేటర్‌లోకి (పీచు విడదీసే మిషన్‌లోకి) చేత్తో తోసే పద్ధతి ఇప్పటికైనా మానేయాలి, దెబ్బలు తగిలేది ఆ నోటి దగ్గరే. అడ్డపట్టీల వాలు బెల్టు పెట్టి, మనిషి నిలబడే చోటుకీ మిషన్ నోటికీ మధ్య చెయ్యి అందనంత దూరం ఉంచి, బెల్టు పొడవునా లాగితే ఆగే తాడు స్విచ్ కట్టండి. పొట్టు తడిగా ఉంటుంది, తొట్టిలో నిలవేస్తే ముద్దవుతుంది, నిలవ తప్పదంటే అడుగంతా స్క్రూలతో కదిలే తొట్టి కావాలి. అంతర్వేది, నర్సాపురం వైపు ఉప్పు గాలికి బోల్టులు కూడా గాల్వనైజ్డ్ వేయించుకోండి.

డబ్బు పరిమితంగా ఉంటే నేను ఖర్చు పెట్టే వరుస ఇది: మొదట తొట్టి వాలు, ఊచలు, అయస్కాంతం, ఇవి చవక, తర్వాత మార్చడం కష్టం. ఆ తర్వాత మిషన్ ముందున్న ఫీడర్‌కి వీఎఫ్‌డీ. ఎలివేటర్ పాతది దొరికితే తీసుకోవచ్చు, కాళ్ల రేకు మందం, తలపుల్లీ షాఫ్టు చూసుకుని బెల్టు, బకెట్లు కొత్తవి వేసుకుంటే సరిపోతుంది. పాత స్క్రూ మాత్రం కొనొద్దు, అరిగిన రెక్కకి వెల్డింగు పెట్టి రంగేసి అమ్ముతారు, రేకుకీ రెక్కకీ మధ్య సందు ఎంత పెరిగిందో మూత తీసి వేలు పెట్టి చూస్తేగాని తెలియదు.